గ్రహణం మర్నాడు

హీలియం గుంటూరులో పుట్టలేదు. ఈ మాట ముందే అనేస్తే తిట్టేవాళ్లు తిట్టేసి వెళ్లిపోతారు. మిగిలినవాళ్లం స్థిమితంగా మాట్లాడుకోవచ్చు.

ఏటా ఆగస్టు 18 దగ్గర పడగానే ఫోన్లలో ఒక కథ తిరగడం మొదలవుతుంది. 1868లో అదే రోజున పియర్ జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణం చూస్తూ హీలియం కనిపెట్టాడట. కాబట్టి విశ్వంలో హైడ్రోజన్ తర్వాత ఎక్కువగా ఉన్న మూలకం మన ఊరిదేనట. కింద జెండాలు, దండాలు, ‘ప్రౌడ్’ అనే మాట. రెండ్రోజుల్లో అంతా సద్దుమణుగుతుంది. మళ్లీ ఏడాది దాకా సూర్యుడి గురించి ఎవరికీ ఏ బెంగా ఉండదు.

అబద్ధం చిన్నదే. దాని వెనకాల దాక్కుండిపోయిన నిజం మాత్రం చాలా పెద్దది. ఆ నిజం తెలిస్తే గుంటూరు గురించి మనం చెప్పుకోవలసిన తేదీ కూడా మారిపోతుంది.

ముందు అబద్ధం సంగతి తేల్చేద్దాం. ఆ రోజు ఉదయం తొమ్మిది ప్రాంతంలో చంద్రుడి నీడ దక్కన్ మీదుగా వచ్చి గుంటూరు దాటి మచిలీపట్నం దగ్గర సముద్రంలోకి వెళ్లింది. (అప్పటికి గుంటూరు జిల్లా లేదు. 1859లో కృష్ణాలో కలిపేశారు, 1904లో మళ్లీ విడదీశారు.) గుంటూరులో చీకటి ఐదు నిమిషాలకు పైగా ఉంది. అంత పెద్ద గ్రహణం కాబట్టే ప్రపంచం నలుమూలల నుంచీ మనుషులు వచ్చారు. గుంటూరులో జాన్సెన్ ఉన్నాడు. అక్కడే బ్రిటిష్ సైన్యాధికారి టెనెంట్ బృందమూ ఉంది. వాళ్లు ఆరు ఫొటోలు తీశారు. మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ నుంచి వచ్చిన నార్మన్ పాగ్సన్ ఉన్నాడు. జమఖండిలో హెర్షెల్ వంశపు మనవడు జాన్ హెర్షెల్ ఉన్నాడు. అందరి చేతుల్లోనూ అప్పటికి కొత్తగా వచ్చిన పరికరం ఉంది: స్పెక్ట్రోస్కోపు. వెలుగుని రంగురంగుల గీతలుగా విడదీసి, ఆ వెలుగు ఏ పదార్థం నుంచి వచ్చిందో చెప్పగలిగే పరికరం.

గ్రహణం పట్టిన సూర్యుడి అంచున ఎర్రటి జ్వాలలు లేస్తూ కనిపిస్తాయి. అవి ఏమిటో అప్పటికి ఎవరికీ తెలీదు. అంతకుముందు కొందరు చంద్రుడివే అన్నారు, కొందరు కంటి భ్రమ అన్నారు. ఆ రోజు స్పెక్ట్రోస్కోపుల్లోంచి చూసినవాళ్లకి జవాబు దొరికింది. అవి మండుతున్నట్టు మెరిసే వాయువు, అందులో ముఖ్యంగా హైడ్రోజన్. ఒక పసుపు గీత కూడా కనిపించింది. చూసినవాళ్లలో చాలామంది అది సోడియం గీతే అనుకున్నారు. పాగ్సన్ ఒక్కడు సోడియం చోటనో దాని దగ్గర్లోనో అని కాస్త సందేహంగా రాశాడు. కొత్త మూలకం అన్న మాట ఆ రోజు గుంటూరులో గానీ మచిలీపట్నంలో గానీ ఎవరి నోటా రాలేదు.

రెండు నెలల తర్వాత, అక్టోబరు 20న, ఇంగ్లండులో యుద్ధ శాఖ ఆఫీసులో గుమస్తాగా పనిచేసే నార్మన్ లాకియర్ ఏ గ్రహణమూ లేకుండానే ఆ జ్వాలల్ని చూశాడు. ఆ పసుపు గీత సోడియం గీతల పక్కన ఉంది తప్ప వాటి మీద లేదని తేల్చాడు. భూమ్మీద తెలిసిన ఏ పదార్థానికీ అది సరిపోలేదు. సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అన్న పేరు ఆ తర్వాత వచ్చింది. ఇరవై ఏడేళ్లు చాలామంది రసాయన శాస్త్రజ్ఞులు ఆ మాట నమ్మలేదు. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజంలోంచి ఆ వాయువుని బయటికి తీశాక నమ్మారు. ఇదీ కథ. ఇందులో ఒక ఊరూ లేదు, ఒక రోజూ లేదు, ఒక మనిషీ లేడు.

ఇలాంటి గర్వం మన ఒక్కళ్లదే కాదు. మహారాష్ట్ర తీరంలో విజయదుర్గ్ కోటకీ ఇదే కథ ఉంది. లాకియర్ అక్కడ నిలబడి హీలియం కనిపెట్టాడంటారు. 1868లో లాకియర్ ఇంగ్లండు దాటలేదు. విజయదుర్గ్ వచ్చింది 1898 గ్రహణానికి. అంటే ఒక మూలకం, రెండు జన్మస్థలాలు, రెండింటికీ జాతకం తప్పు.

సరే, మరి గుంటూరులో నిజంగా జరిగిందేమిటి?

ఆగస్టు 18న గ్రహణం విడుస్తుండగా జాన్సెన్‌కి ఒక ఆలోచన వచ్చింది. ఆ జ్వాలల గీతలు అంత కాంతిగా ఉన్నాయి కదా, మరి గ్రహణం లేనప్పుడు మాత్రం ఎందుకు కనిపించకూడదు? జ్వాలలు ఎప్పుడూ అక్కడే ఉంటాయి. మనకి కనపడకపోవడానికి కారణం సూర్యుడి చుట్టూ ఆకాశంలో చెదిరిపోయిన వెలుగు. ఆ వెలుగులో అన్ని రంగులూ కలిసి ఉంటాయి. స్పెక్ట్రోస్కోపుతో దాన్ని పొడుగ్గా పరిచేస్తే పల్చబడిపోతుంది. జ్వాల వెలుగు అలా కాదు, అది రెండు మూడు రంగుల్లోనే ఉంటుంది. ఎంత పరిచినా గీత గీతగానే నిలబడుతుంది. గుప్పెడు ముగ్గుపిండిని వాకిలంతా చల్లితే కనిపించకుండా పోతుంది. అదే వాకిట్లో ఒక ఎర్రదారం పడి ఉంటే, వాకిలి ఎంత పెద్దదైనా దారం దారమే.

ఆ రోజు మబ్బుల వల్ల ప్రయత్నించడం కుదరలేదు. మర్నాడు పొద్దున్నే, ఆగస్టు 19న, గుంటూరులో మామూలు సూర్యుడు మామూలుగా ఉదయించాడు. నీడ చూడ్డానికి ఎగబడ్డ జనం లేరు. జాన్సెన్ మళ్లీ పరికరం దగ్గరికి వెళ్లి చీలికని సూర్యుడి అంచు మీద పెట్టాడు. ఎర్ర గీత కనిపించింది. ఐదు నిమిషాల చీకటి కోసం సముద్రాలు దాటి వచ్చిన మనిషికి, చీకటి అక్కర్లేదని తెలిసింది. ఆ తర్వాత రెండు వారాలకు పైగా గుంటూరులోనే ఉండి రోజూ ఆ జ్వాలల ఆకారాలు గీశాడు. నిన్న ఇక్కడున్నది ఇవాళ లేదు, పొద్దున పొడుగ్గా ఉన్నది మధ్యాహ్నానికి విరిగిపోయింది. సూర్యుడు రోజూ చూడదగిన వస్తువు అయింది అప్పుడే. ఆ వార్త పారిస్ అకాడమీకి రాసిన ఉత్తరం కాకినాడ నుంచి వెళ్లింది. అది చేరింది, చదివింది అక్టోబరు 26న. లాకియర్ ఉత్తరం కూడా అదే రోజు, అదే సమావేశంలో చదివారు. ఇద్దరి ముఖాలూ పక్కపక్కన పెట్టి ఫ్రాన్సు 1872లో ఒక పతకం పోయించింది.

గుంటూరు గొప్పతనం ఇది. ఆగస్టు 18 ఆకాశం ఇచ్చింది. ఆగస్టు 19 మనిషి సంపాదించుకున్నది. మొదటిది ఎవరికైనా వస్తుంది, తల మీద నీడ పడితే చాలు. రెండోది మళ్లీ వెళ్లి కూర్చున్నవాడికే వస్తుంది.

మనం పండగ చేసుకునేది మొదటి తేదీని. రెండో తేదీ మనకి తెలీనే తెలీదు. ఖగోళశాస్త్రంతో తెలుగువాళ్ల సంబంధం మొత్తం ఈ ఒక్క తేడాలో ఉందని నా వాదన.

మా శావల్యాపురం తీసుకోండి. నరసరావుపేట దాటి వినుకొండ వెళ్లే దారిలో ఉంటుంది. 2022 నుంచీ పల్నాడు జిల్లా. గుంటూరు–గుంతకల్లు లైను మీద స్టేషను ఉంది, పిడుగురాళ్ల వైపు కొత్త లైను కూడా ఇక్కడే కలుస్తుంది. 1868 నాటి నీడ దారి వెడల్పు రెండు వందల కిలోమీటర్ల పైమాటే కాబట్టి ఈ ఊరు కూడా అందులోనే ఉంది. గుంటూరులో జాన్సెన్‌కి ఏ చీకటి పడిందో, ఇక్కడ పశువుల వెనక నడిచేవాడికీ అదే చీకటి పడింది. నీడ పడ్డం వల్లే గొప్పయితే శావల్యాపురానికీ అంత గొప్పా ఉంది, చిలకలూరిపేటకీ ఉంది, బాపట్లకీ ఉంది. ఒక్క ఊరూ ఆ పోస్టుల్లో కనపడదేం? ఎందుకంటే లోపల్లోపల మనకి తెలుసు, నీడ గొప్ప కాదని. పని జరిగిన చోటే గొప్ప. తెలిసీ పనిని వదిలేసి నీడని పట్టుకుంటున్నాం.

పని చేసినవాళ్లు మనలో లేరా అంటే ఉన్నారు. వాళ్ల పేర్లు చెప్పమంటేనే నీళ్లు నములుతాం.

విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో సొంత డబ్బుతో వేధశాల కట్టుకున్నాడు. మద్రాసు వెళ్లి ఖగోళశాస్త్రం నేర్చుకొచ్చిన జమీందారు ఆయన. ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపాడు. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం వదులుకుని మరీ. 1871లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన్ని ఫెలోగా తీసుకుంది. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటడం ప్రపంచమంతా చూసింది, ఆయన విశాఖ నుంచి చూసి కొలిచి రాశాడు. 1892లో ఆయన పోయాడు. డాబాగార్డెన్స్‌లో ఇవాళ బట్టలు కొనుక్కునేవాళ్లకి ఆ పేరు చెప్పి చూడండి.

హైదరాబాదుకి రండి. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఒక పెద్ద టెలిస్కోపు తెప్పించి వేధశాల పెట్టాడు. 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. తర్వాత బేగంపేటకి మార్చారు. అది నిజామియా అబ్జర్వేటరీ. అప్పటికి పారిస్ నుంచి ఒక మహా యజ్ఞం నడుస్తోంది. ఆకాశమంతా ముక్కలు చేసి, ఒక్కో అబ్జర్వేటరీకీ ఒక్కో పట్టీ పంచి, ఫొటో పలకల మీద ప్రతి నక్షత్రం చోటూ కొలవాలని 1887లో పెట్టుకున్న పని. తమ వాటా పూర్తిచెయ్యలేక కొన్ని అబ్జర్వేటరీలు చేతులెత్తేశాయి. హైదరాబాదు అలా మిగిలిపోయిన దక్షిణాకాశపు పట్టీని తలకెత్తుకుంది. అది చేసేసి, ఉత్తరాన ఇంకొకళ్లు వదిలేసిన పట్టీలో ముక్కని కూడా తీసుకుంది. పోకాక్, ఆయన తర్వాత టి.పి. భాస్కరన్ ఆధ్వర్యంలో ఏళ్లకి ఏళ్లు కొందరు ఉద్యోగులు సూక్ష్మదర్శిని కింద గాజుపలకలు పెట్టుకుని చుక్క తర్వాత చుక్క కొలిచారు. ఏడు లక్షలకు పైగా నక్షత్రాలు. అందులో ఒక్క రోజూ గ్రహణం లేదు. ఒక్క రోజూ పేపర్లో పడలేదు.

దానివల్ల ఏమొచ్చిందంటారా? నక్షత్రాలు కదులుతాయి, కానీ మన కంటికి తెలీనంత నెమ్మదిగా. వాటి కదలిక తెలియాలంటే ఇవాళ్టి చోటుతో పాటు వందేళ్ల కిందటి చోటు కూడా కావాలి. 1989లో హిపార్కస్ ఉపగ్రహం వెళ్లి నక్షత్రాల్ని అంతకుముందెన్నడూ లేనంత కచ్చితంగా కొలిచింది. 2000లో ఆ కొలతలతో పాతిక లక్షల నక్షత్రాల కదలికల పట్టిక, టైకో-2, తయారు చేశారు. అందులో ‘వందేళ్ల కిందటి చోటు’ ఎక్కణ్నుంచి తెచ్చారనుకున్నారు? ఆ పాత పలకల కొలతల్లోంచే. హైదరాబాదు గుమస్తా వేసిన అంకె అంతరిక్షంలోంచి వచ్చిన అంకెతో కలిసి ఒక నక్షత్రం ఎటు పోతోందో చెప్పింది. దీనికి ఒక్క పోస్టు చూపించండి నాకు.

ఆ నిజామియాలోనే తండ్రి ఉద్యోగం చేస్తుండగా టెలిస్కోపుల మధ్య పెరిగిన కుర్రాడు వేణు బప్పు. హైదరాబాదు రాష్ట్ర స్కాలర్‌షిప్‌తో హార్వర్డు వెళ్లి 1949లో ఒక తోకచుక్కని కనిపెట్టాడు. తిరిగొచ్చి ఆధునిక భారత ఖగోళశాస్త్రానికి పునాదులు వేశాడు. ఆయన పెద్ద టెలిస్కోపు తమిళనాడులో కావలూరులో ఉంది. మన దగ్గర ఉస్మానియా విశ్వవిద్యాలయం 1968లో జాపాల, రంగాపూర్ గ్రామాల దగ్గర 48 అంగుళాల టెలిస్కోపు పెట్టింది. అప్పటికి దేశంలో అంత పెద్దవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం నీడ సరిగ్గా దాని మీదుగా పోయింది. ఆ రోజు దేశంలో చాలా ఊళ్లలో భయానికి వీధులు ఖాళీ అయిపోయాయి. రంగాపూర్లో మాత్రం శాస్త్రవేత్తలు కిక్కిరిసిపోయారు. అది రంగాపూర్ ఆగస్టు 18. మరి ఆగస్టు 19? అద్దానికి కొత్త పూత, గుమ్మటానికి మరమ్మతు, రాత్రిళ్లు కూర్చునే మనిషికి జీతం, చుట్టూ పెరిగే దీపాల మీద ఒక కట్టుబాటు. వీటికి బడ్జెట్లో గ్రహణం పట్టింది. ఆ టెలిస్కోపు ఏళ్ల తరబడి మూలపడి ఉంది. అప్పుడు మనవాళ్లెవరికీ ‘ప్రౌడ్’ అన్న మాటకి వ్యతిరేక పదం గుర్తు రాలేదు.

ఇప్పుడు మీరంటారు: పాత సంగతులు సరే, ఇవాళ్టి శాస్త్రం వేరు, బ్లాక్‌హోళ్లూ దూరపు గ్రహాలూ. వేరు కాదు. ఇంకా ఎక్కువ ఆగస్టు 19 అయింది. 2019 ఏప్రిల్ 10న ప్రపంచం చూసిన ఆ బ్లాక్‌హోల్ బొమ్మ, నల్లటి నడుమ చుట్టూ నారింజ వలయం, ఆ రోజు తీసినది కాదు. 2017 ఏప్రిల్‌లో కొన్ని రాత్రులు ఎనిమిది టెలిస్కోపులు రాసిపెట్టుకున్న సంకేతాల్ని రెండేళ్లు కూర్చుని సరిచూస్తే వచ్చినది. వేరే సూర్యుడి చుట్టూ తిరిగే మొదటి గ్రహాన్ని 1995లో మేయర్, కెలోజ్ పట్టుకున్నారు. గ్రహాన్ని చూసి కాదు. 51 పెగాసి అనే నక్షత్రపు వర్ణపట గీతలు నాలుగు రోజులకోసారి అటూ ఇటూ వణుకుతున్నాయని రాత్రి తర్వాత రాత్రి కొలిచి. జాన్సెన్ గుంటూరు మోసుకొచ్చిన స్పెక్ట్రోస్కోపుకి వాళ్లది మనవరాలు. ఇక హీలియం గురించే చెప్పాలంటే, 2018లో, అంటే ఆ గ్రహణానికి సరిగ్గా నూట యాభై ఏళ్లకి, వాస్ప్-107బి అనే గ్రహం గాలిలో హీలియం దొరికింది. సౌరకుటుంబం బయట ఒక గ్రహం మీద అది దొరకడం అదే మొదటిసారి. రెండు వందల కాంతి సంవత్సరాల దూరం. ఆ గ్రహం తన నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు, అంటే చిన్న గ్రహణంలాంటిది పట్టినప్పుడు, గీతల్లో వచ్చిన తేడా లెక్కగట్టి పట్టుకున్నారు. హీలియం మీద అంత ప్రేమున్న మన పోస్టుల్లో ఈ వార్త ఎక్కడైనా కనిపించిందా?

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఆదిత్య-ఎల్1 వెళ్లింది. అందులో ఉన్న ఒక పరికరం సూర్యబింబాన్ని తానే కప్పేసుకుని, రోజూ గ్రహణం సృష్టించుకుని చుట్టూ ఉన్న కరోనాని చూస్తుంది. గుంటూరులో ‘గ్రహణం అక్కర్లేదు’ అన్న ఆలోచనకి ఇది నేరుగా వారసురాలు, ఎగిరింది కూడా మన తీరం నుంచే. లాంచి రోజున టీవీల ముందు మనం ఎంతమందిమి ఉన్నామో గుర్తుందా? ఆ డేటాని ఇస్రో అందరికీ ఉచితంగా తెరిచిపెట్టింది. తెరిచి చూసినవాళ్లం ఎంతమందిమి? లాంచి ఆగస్టు 18. డేటా ఆగస్టు 19.

ఇదంతా సాహిత్య పత్రికలో ఎందుకంటే, నేరం మన భాషది కూడా కాబట్టి. తెలుగు కవిత్వంలో నక్షత్రాలకి లోటు లేదు. అవి ఏడుస్తాయి, రాలతాయి, ఎవరి కళ్లలోనో మెరుస్తాయి. కానీ ఏ నక్షత్రం? ఏ నెల? ఏ దిక్కు? పొలం పోయే మనిషికి పిల్లలకోడి ఎప్పుడు పొడుస్తుందో తెలుసు, వేగుచుక్క ఎప్పుడు మారుతుందో తెలుసు. మన కథకుడికి తెలీదు, పైగా తెలీకపోవడం భావుకత అనుకుంటాడు. కొన్ని వేల ఏళ్ల కిందటే మనవాళ్లకి అన్నీ తెలుసని వాదించే ఇంకో జట్టు ఉంది. కృత్తిక ఎటువైపు ఉందో చూపించమంటే వాళ్లూ ఫోనే తీస్తారు. మహీధర నళినీమోహన్ ‘కేలెండర్ కథ’ లాంటివి చదివి ఒక తరం పెరిగింది. ఆయన భౌతికశాస్త్రవేత్త, తెలుగులో చమత్కారంగా రాశాడు. ఆ దారిలో తర్వాత నడిచినవాళ్ల జాబితా ఎంత చిన్నదో మీరే వేసుకోండి.

ఒక్క ఉదాహరణ చెబుతాను, తెలుగువాళ్లకే చెందినది. జూన్ చివర్లో ఆరుద్ర కార్తె వస్తుంది. పల్నాడు రైతు దాని పేరు చెప్పకుండా వాన గురించి మాట్లాడ్డు. ఎర్ర మఖమల్లాంటి ఆరుద్ర పురుగు మీరు చిన్నప్పుడు చేతిలో పెట్టుకునే ఉంటారు. తెలుగులో ఒక పెద్ద కవికి ఆ పేరే కలంపేరు. ఆ ఆరుద్ర ఒక నక్షత్రం. ఇంగ్లీషులో బెటెల్‌జూస్. చలికాలం సాయంత్రాల్లో తూర్పున ఎర్రగా పొడుస్తుంది, శావల్యాపురంలో డాబా ఎక్కితే టెలిస్కోపు అక్కర్లేదు. 2019 చివర్లో అది మసకబారడం మొదలుపెట్టింది. 2020 ఫిబ్రవరికి దాని వెలుగు మామూలులో మూడో వంతుకి పడిపోయింది. ప్రపంచంలో ఎందరో మామూలు మనుషులు, టీచర్లు, రిటైరైనవాళ్లు, పక్కనున్న నక్షత్రాలతో పోల్చి చూసుకుని, ఉత్త కళ్లతో రోజువారీ అంకెలు రాసి పంపించారు. ఆ అంకెలు శాస్త్రవేత్తలకి పనికొచ్చాయి. నక్షత్రం తనలోంచి కక్కిన వాయువు ధూళిగా గడ్డకట్టి మన చూపుకి అడ్డం వచ్చిందని తర్వాత తేల్చారు. మన కార్తె నక్షత్రానికి, మన కవి పేరుకి, మన పురుగు పేరుకి మూడు నెలలు గ్రహణం పట్టింది. మనలో ఎంతమంది రోజూ తలెత్తి చూసి ఒక అంకె రాసుకున్నారు? కనీసం ఒక కవితైనా తేదీతో సహా వచ్చిందా?

దీనికి వచ్చే జవాబులు నాకు తెలుసు. గర్వం వల్ల పిల్లలకి ఉత్సాహం వస్తుంది కదా అనేది మొదటిది. ఎలాంటి ఉత్సాహం? ‘హీలియం మన ఊళ్లో పుట్టింది’ అని విన్న పిల్లకి చెయ్యడానికేమీ మిగల్లేదు, పుట్టాల్సింది పుట్టేసింది. ‘గ్రహణం అయిపోయిన మర్నాడు కూడా ఒకాయన ఇక్కడే కూర్చుని చూశాడు’ అని వింటే, నేనూ కూర్చుంటే ఏం కనిపిస్తుంది అని అడుగుతుంది. ఇండియాలో వచ్చే సంపూర్ణ సూర్యగ్రహణం 2034 మార్చి 20న, అదీ ఎక్కడో కాశ్మీరు, లడాఖ్ వైపు. అప్పటిదాకా పల్నాడు పిల్లల్ని గర్వం మీద కూర్చోబెడదామా?

రెండోది, అది వలసపాలకుల సైన్సు కదా, మనం ఎందుకు నెత్తిన పెట్టుకోవాలి అనేది. నిజమే. ఫ్రెంచి ప్రభుత్వం డబ్బు, బ్రిటిష్ సైన్యం ఏర్పాట్లు. ఆ పెట్టెలు మోసినవాళ్ల పేర్లూ, బండ్లు తోలినవాళ్ల పేర్లూ మనం చెప్పుకునే కథలో ఎక్కడా లేవు. కానీ గమనించండి, మన గర్వపు పోస్టులు కూడా వాళ్లని తలుచుకోవు. జాన్సెన్‌ని ‘మనవాడు’ చేసుకోవడానికి మనకి అభ్యంతరం లేదు, నరసింగరావుని తలుచుకోవడానికి మాత్రం తీరిక లేదు. వలసపాలనకి ఇంతకంటే లొంగిపోవడం ఏముంటుంది?

మూడోది డబ్బు. ఈఏపీసెట్ ర్యాంకు కోసం తెల్లారుజామున నాలుగింటికి పిల్లల్ని లేపే రాష్ట్రాల్లో డబ్బు లేదనడం కుదరదు. ఆ నాలుగింటికే తల ఎత్తితే కొన్ని నెలల్లో వేగుచుక్క ఉంటుంది. దాన్ని చూడ్డానికి మార్కులు లేవు, అంతే. పదకొండూ పన్నెండూ తరగతుల రెండేళ్లలో ఆకాశం ఒక లెక్కల బిట్టుగా వస్తుంది: ఉపగ్రహం పలాయన వేగం ఎంత? హాస్టలు కిటికీలోంచి అసలు ఉపగ్రహం దాటిపోతుంటే చూసేవాడెవడూ లేడు.

జాన్సెన్ని మహాత్ముణ్ని చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఆయనకీ గ్రహణాల పిచ్చి వదల్లేదు. 1870 డిసెంబరులో ప్రష్యా సైన్యం పారిస్‌ని ముట్టడించి ఉంటే, బెలూన్ ఎక్కి నగరం దాటి, ఆల్జీరియాలో ఒరాన్ దాకా పోయాడు మరో గ్రహణం కోసం. మబ్బు పట్టింది. ఏమీ కనపడలేదు. ప్రాణాలకి తెగించి వెళ్లినా సంఘటన మన చేతిలో ఉండదు. గుంటూరులో ఆయన రెండు వారాల పని ఆ మబ్బుకి అందదు.

కాబట్టి అడిగేది ఎక్కువేమీ కాదు. శావల్యాపురం మీద ఆకాశం ఇంకా కాస్త నల్లగానే ఉంది. రోడ్డు పొడుగునా తెల్ల ఎల్‌ఈడీలు వచ్చాక ఇంకెన్నాళ్లు ఉంటుందో చెప్పలేం. జిల్లాలో ప్రతి హైస్కూల్లోనూ హాజరు పట్టీ ఉంటుంది, భోజనాల లెక్క ఉంటుంది. దాని పక్కన ఒక ఆకాశం రిజిస్టరు ఉండాలి. తేదీ, వేళ, మబ్బు ఉందా లేదా, ఆరుద్ర ఎంత వెలుగుగా ఉంది, చంద్రుడు ఏ చుక్క పక్కన ఉన్నాడు. తెలుగులో రాయాలి. పదేళ్లు రాయాలి. బాగుందని ఎవరూ మెచ్చుకోకపోయినా రాయాలి. ఈ పత్రిక చదివే మీరు హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉండి, ఆకాశమే కనపడ్డం లేదంటే, తెరిచి ఉన్న డేటా ఉంది. అదీ కాకపోతే, తెలుగులో దాని గురించి తప్పుల్లేకుండా నాలుగు పేజీలు రాయడం ఉంది. అందులో మాత్రం వెలుతురు కాలుష్యం ఏమీ లేదు.

ఇక ఆగస్టు 18న పోస్టు పెట్టకుండా ఉండలేమంటే పెట్టుకోండి. దాని కింద 19న ఇంకొకటి పెట్టండి. చిన్న బైనాక్యులర్స్‌ని ఎండకి పెట్టి, అందులోంచి కళ్లతో చూడకుండా, సూర్యబింబాన్ని ఒక తెల్లకాగితం మీద పడనిచ్చి, ఆ రోజు దాని మీద ఎన్ని మచ్చలున్నాయో లెక్కపెట్టి రాయండి. నాకు నాలుగు కనిపించాయి అని ఒకరంటే, కాదు ఐదు అని ఇంకొకరు అంటారు. ఆ తగాదా ఏదో మన భాషలో మొదలవనివ్వండి.